కరెంటుకైనా గాలికైనా రానూపోనూ దారుండాలి

ప్రశ్న: నమస్కారమండీ. మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు వాడిన 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపుని కిందటేడాది బాగుచేయించాను. ఇంజను పాతదే. బాడీ కొత్త రేకుతో కట్టించి, పౌడర్ కోటింగ్ వేయించి, వెనక గుడ్డ టాప్ తీసేసి ఫైబర్ టాప్ బిగించాం. వారానికి రెండుసార్లు లంబసింగి ఘాట్ ఎక్కాలి, దిగేటప్పుడు మిరియాల బస్తాలు వేసుకుని చీకటి పడ్డాకే బయల్దేరతాను. లైట్లు బొత్తిగా చాలడం లేదు. అమెరికా జీపులకి వేసే 7 అంగుళాల ఎల్ఈడీ సెట్టు ఆన్‌లైన్‌లో చూశాను. టాప్ మీదికి ఒక బార్ లైట్ కూడా తీసుకుందామనుంది. మా బావమరిది మాత్రం బార్ లైట్ వద్దంటాడు. ఇంకో బాధ ఏమిటంటే, ఫైబర్ టాప్ వేశాక పగలు లోపల పొయ్యిలా ఉంటోంది, చలికాలం రాత్రి అద్దాలు చెమట పడుతున్నాయి. వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడదామా? బానెట్ వెనక అంచు కింద వాషర్లు వేసి లేపితే వేడి తగ్గుతుందని ఒక ఫ్రెండ్ చెప్పాడు, నిజమేనా? అన్నట్టు, బ్రేకు తొక్కితే ఇండికేటర్ సన్నగా వెలుగుతోంది. ఇవన్నీ నేనే చేసుకోగలనా? ఇంట్లో డ్రిల్లింగ్ మిషను, మల్టీమీటర్ ఉన్నాయి. వచ్చే మార్చిలో ఆర్సీ రెన్యువల్ ఉంది.

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట మల్టీమీటర్ ఉందన్నది. ఇంట్లో అది ఉండి, వాడే ఓపిక కూడా ఉంటే సగం ఎలక్ట్రీషియన్ అయిపోయినట్టే. ఎల్ఈడీల కోసం పక్కన పెట్టిన డబ్బు ఇంకో వారం జేబులోనే ఉంచండి. ముందు ఒక కొలత తీద్దాం.

చీకటి పడ్డాక ఇంజను స్టార్ట్ చేసి, కొంచెం రేసులో ఉంచి, డిమ్ లైట్లు వేయండి. బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య వోల్టేజీ చూసి కాగితం మీద రాసుకోండి. ఆల్టర్నేటర్ (ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించేది) బాగుంటే 13.8 నుంచి 14.2 దాకా చూపిస్తుంది. ఇప్పుడు హెడ్‌లైట్ గిన్నె (బల్బు వెలుగుని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్) విప్పి, బల్బు వెనకున్న సాకెట్‌ని పీక్కుండా, సాకెట్ వెనకనుంచి మీటర్ సూదులు దూర్చి డిమ్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ (కరెంటు వెనక్కి బ్యాటరీకి తిరిగిపోయే పిన్ను) మధ్య ఎంతుందో చూడండి. 12 కూడా రాదని నా అనుమానం. ముప్పై ఏళ్ళ జీపుల్లో 11.5 చూపించినవి చాలా చూశాను.

రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బుకి అది చాలా పెద్ద తేడా. వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు సుమారు మూడోవంతు తగ్గిపోతుంది. మీ బల్బుల్లో దోషమేమీ లేదు పాపం, వాటికి అన్నం సరిగా అందడం లేదంతే. ఆ రెండు వోల్టులూ పాత వైర్లలో, అరిగిపోయిన స్విచ్‌లో, తుప్పు పట్టిన ఎర్త్‌లో వేడిగా మారి పోతున్నాయి. కావాలంటే లైట్లు పది నిమిషాలు వెలిగించి, డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి స్విచ్ తాకి చూడండి. వెచ్చగా ఉంటుంది. ఘాట్ మీద పడాల్సిన వెలుగే ఆ వెచ్చదనం.

నష్టం ఎక్కడ జరుగుతోందో మీటరే చెబుతుంది. లైట్లు వెలుగుతుండగానే ఒక సూది బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు డిమ్ పిన్ను మీద పెట్టండి. అక్కడ ఎంత చూపిస్తే వెళ్ళే దారిలో అంత పోతున్నట్టు. తర్వాత ఒకటి బల్బు ఎర్త్ పిన్ను మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. అది తిరిగొచ్చే దారిలో నష్టం. ఏ పక్కయినా అర వోల్టు దాటిందంటే అక్కడ పని ఉంది. చాలామంది వెళ్ళే దారి ఒక్కటే చూస్తారు. కరెంటు బల్బు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోదు కదండీ, వెనక్కి బ్యాటరీకి చేరాలి. రానూపోనూ రెండు దారులూ కావాలి.

వెళ్ళే దారికి మందు రిలే, అంటే చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్ డబ్బా. మీ జీపులో ఇప్పుడు హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్‌లోంచి, డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్ స్విచ్‌లోంచి చుట్టూ తిరిగి ముందుకొస్తోంది. 60/55 వాట్ల (బ్రైట్‌కి 60, డిమ్‌కి 55) హెచ్4 బల్బులు, అంటే డిమ్, బ్రైట్ ఒకే గాజులో ఉండేవి, రెండు బ్రైట్‌లో వెలిగితే 10 ఆంపియర్లు. అర చదరపు మిల్లీమీటరు సన్న తీగ నాలుగు మీటర్ల మీదుగా 10 ఆంపియర్లు లాగితే ఆ తీగ ఒక్కటే దాదాపు 1.4 వోల్టులు తినేస్తుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ మూడు మీటర్లు వేస్తే 0.2 వోల్టులతో సరిపెడుతుంది.

బిగించడం కష్టమేమీ కాదు. డిమ్‌కొకటి, బ్రైట్‌కొకటి రెండు రిలేలు తీసుకోండి. రిలే కాళ్ళ పక్కన 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు ఫ్యూజు మీదుగా 30కి. 87 నుంచి లైట్లకి. ఇదివరకు బల్బుకి వస్తున్న పాత వైరు ఇప్పుడు 86కి. 85 ఎర్త్‌కి. పాత స్విచ్ ఇకమీదట రిలేని లేపడానికి మాత్రమే, బరువు మోసేది రిలే. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పి పక్కన పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. ఫ్యూజుని బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టండి. లైటు దగ్గర పెట్టిన ఫ్యూజు, మధ్యలో వైరు ఒరుసుకుపోయి రేకుకి తగిలితే మిమ్మల్ని కాపాడదు. కుదిరితే ఎడమ లైటుకొకటి, కుడి లైటుకొకటి విడివిడిగా ఫ్యూజులు వేయండి. ఒకటి పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది.

ఫ్యూజు గురించి నేను పాఠం నేర్చుకున్నది ఇలాగే ఒక ఘాట్ జీపు దగ్గర. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెల్పర్ని. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన వెలుగు ఎక్కువ కావాలన్నారు. మేస్త్రి ఊళ్ళో లేడు. నేను హుషారుగా 100/90 వాట్ల బల్బులు తెచ్చి పాత వైరింగ్‌కే తగిలించాను. రిలే లేదు, ఫ్యూజు లేదు. షెడ్డు గోడ మీద పట్టపగల్లా వెలుగు పడింది. ఆయన నా చేతిలో ఇరవై రూపాయలు పెట్టి వెళ్ళారు. నాలుగో రోజు మళ్ళీ వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా నా బల్ల మీద నల్లటి ముద్ద ఒకటి పెట్టారు. అది లైటు స్విచ్. 17 ఆంపియర్లు మోయలేక కరిగిపోయింది. ఘాట్ మలుపులో రెండు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయట. కొండవైపు గట్టుకి బండి ఆనించి తెల్లారేదాకా కూర్చున్నారట. ఆ ముద్ద చాలా ఏళ్ళు నా టూల్ బాక్సులోనే ఉండేది. వాసన కూడా పోలేదు.

ఇక ఎల్ఈడీ సంగతి. పాత గిన్నెలోనే హెచ్4 బల్బు తీసి, అదే సాకెట్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టే పద్ధతి నాకు నచ్చదు. ఎందుకో మీకు మీరే చూడొచ్చు. పాత హెచ్4 బల్బు ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. గాజు లోపల రెండు తీగచుట్టలుంటాయి. ముందున్న చుట్ట కింద బుల్లి గరిటెలా ఒక రేకు కనిపిస్తుంది. అది డిమ్. ఆ గరిటె వెలుగుని కిందికి పోనివ్వదు, గిన్నె పైసగానికే తగలనిస్తుంది. పైసగానికి తగిలిన వెలుగు రోడ్డు మీదికి వంగుతుంది. ఎదుటివాడి కళ్ళలో పడకుండా చూసే ఏర్పాటంతా గోరంత రేకులో ఉంది. ఎల్ఈడీ బల్బులో వెలుగు పుట్టే చోటు ఆ తీగచుట్ట ఉన్న చోటుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా గిన్నె లెక్క తప్పుతుంది. మీకు ముందర తెల్లగా, చాలా వెలుగున్నట్టు కనిపిస్తుంది. దూరం మాత్రం పోదు. ఎదురొచ్చే ఆటోవాడు మాత్రం ఏమీ కనపడక మిమ్మల్ని తిట్టుకుంటాడు.

గిన్నెతో సహా మార్చే 7 అంగుళాల ఎల్ఈడీ సెట్టు నయమే. ఎల్ఈడీకి తగ్గట్టు తయారుచేసిన లెన్సు దానిది. కానీ మీరు చూసింది అమెరికా జీపులది. అక్కడ కుడిపక్కన నడుపుతారు. డిమ్ వెలుగు ఒక పక్క కొంచెం పైకి లేచేలా చేస్తారు, రోడ్డు పక్కన నడిచేవాళ్ళు, మైలురాళ్ళు కనిపించడానికి. మనకి ఆ లేచే పక్క ఎడమవైపు ఉండాలి. అక్కడి లైటులో కుడివైపు లేస్తే అది సరిగ్గా ఎదురొచ్చేవాడి మొహం మీద పడుతుంది. యూరప్ లెక్కల ప్రకారం ముద్ర వేసిన లైటయితే అద్దం మీద బాణం గుర్తు వెతకండి. లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే బాణం మీ కుడిచేతి వైపు చూపిస్తే అది మన రోడ్లకి పనికొచ్చేది. రెండు వైపులా బాణాలుంటే రెండు రకాలకీ సర్దుకునేది. ఆ ముద్ర ఉండి కూడా బాణమే లేకపోతే కుడిపక్క నడిపే దేశాలది, వద్దు.

ఇంకో చిన్న విషయం, ఘాట్ ఎక్కేవాళ్ళకి ఇది అనుభవంలో తెలుస్తుంది. ఫిలమెంటు బల్బు ముందువైపుకి వేడి కూడా పంపుతుంది, అద్దం మీది మంచు ఆరిపోతుంది. ఎల్ఈడీ వేడంతా వెనక్కి పోతుంది, ముందు అద్దం చల్లగానే ఉంటుంది. డిసెంబరులో లంబసింగి పొద్దులకి అద్దం మీద తేమ అలాగే నిలిచిపోతుంది. అందుకే నా మాట, ముందు రిలేలు వేసి, మంచి కంపెనీ 60/55 బల్బులతో నెల రోజులు తిరగండి. అప్పటికీ చాలకపోతే ఎల్ఈడీ సెట్టు సంగతి చూద్దాం. చాలామందికి ఆ అవసరం రాలేదు.

ఏది వేసినా వెలుగు ఎంత కిందికి పడుతోందో సరిచూసుకోవాలి. ఇది మన దగ్గర ఎవరూ చేయని పని. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంత ఎత్తులో సుద్దముక్కతో అడ్డగీత గీయండి. డిమ్ వెలుగు పైఅంచు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి. వెనక బస్తాలు వేసుకునే ఈ పని చేయండి. ఖాళీ బండికి సరిచేసిన లైటు, వెనక నాలుగు బస్తాలు పడేసరికి ముక్కు పైకెత్తి చెట్ల కొమ్మలు చూపిస్తుంది.

బార్ లైట్ విషయంలో మీ బావమరిది గారి మాటే రైటు. పొగమంచంటే గాల్లో తేలే నీటి చుక్కలు. వెలుగు వాటికి తగిలి వెనక్కి వస్తుంది. మీ కళ్ళకి దగ్గరగా, తల పైన లైటు పెడితే ఆ వెనక్కొచ్చే వెలుగంతా నేరుగా మీ కళ్ళలోకే. ఎదురుగా తెల్లటి దుప్పటి కట్టినట్టుంటుంది. పైగా జీపు బానెట్ బల్లలా చదునుగా ఉంటుంది కదా, పైనుంచి పడే వెలుగు దాని మీద మెరిసి ఇంకా చూడనివ్వదు. మంచులో కావాల్సింది బంపర్ దగ్గర, వీలైనంత కిందుగా, వెడల్పుగా పరుచుకునే ఫాగ్ లైట్లు. పసుపు రంగయితే మంచుని చీల్చేస్తుందన్నది ఉత్త మాట. చాలామంది కళ్ళకి హాయిగా ఉంటుంది, అంతవరకే. మంచులో బ్రైట్ వేయకండి, డిమ్‌తో పాటు ఫాగ్ లైట్లు చాలు. వాటికీ వేరే రిలే, వేరే ఫ్యూజు. ఆల్టర్నేటర్ మీద ఎన్ని ఆంపియర్లదో రాసి ఉంటుంది. లైట్లు, ఫాగ్ లైట్లు, వైపర్, ఫ్యాను అన్నీ కలిపి కూడి చూసుకోండి. ఆ అంకెలో ముప్పావు వంతు దాటనివ్వద్దు.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ సన్నగా వెలుగుతోందని ఉత్తరం చివర్లో అన్నట్టు అంటూ రాశారు. నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. ఎర్త్ లేదని మీ జీపు అరిచి చెబుతోంది. బ్రేకు బల్బు, ఇండికేటర్ బల్బు ఒకే డబ్బాలో ఉంటాయి, రెండింటికీ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ తెగితే బ్రేకు కరెంటు తిరిగిపోవడానికి దారి వెతుక్కుంటుంది. పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంటులోంచి ఎదురెక్కి, దాని వైరు పట్టుకుని ముందు ఇండికేటర్ దాకా వెళ్ళి, అక్కడి ఎర్త్‌లో దిగుతుంది. దొడ్డిదారిలో వెళ్ళిన కరెంటు కాబట్టి సన్నటి వెలుగు.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఊహించగలను. పాత జీపుకి బాడీ రేకే తిరుగు వైరు. డబ్బాని రేకుకి బోల్టు బిగిస్తే ఎర్త్ దొరికేది. మీరు పౌడర్ కోటింగ్ వేయించారు. అది కరెంటుని పోనివ్వని పొర. టాప్ ఫైబర్, దానిలో అసలు కరెంటే పోదు. కాబట్టి ప్రతి లైటు డబ్బాకీ ఒక నల్ల వైరు విడిగా లాగి, వెనక ఛాసిస్ (బాడీ కింది ఇనుప చట్రం) మీద ఒకే చోటికి చేర్చండి. ఆ చోట రంగు గీకి, ఇనుము తళతళలాడేలా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్ళ వాషర్ వేసి బోల్టు బిగించి, పైన కొంచెం వాసెలిన్ పూయండి. బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కి, ఇంజనుకి వెళ్ళే పట్టీలు కూడా ఒకసారి విప్పి శుభ్రం చేయండి. గంట పని. మీ హెడ్‌లైట్ల నీరసంలో కొంత ఇక్కడే తీరిపోవచ్చు కూడా.

వెనక ఇండికేటర్లు ఎల్ఈడీవి వేద్దామనుకుంటే ఒక మాట. పాత ఫ్లాషర్ డబ్బా, బల్బు లాగే కరెంటుని బట్టి టిక్కుటిక్కుమంటుంది. 21 వాట్ల బల్బు తీసి ఎల్ఈడీ పెడితే అది అసలు కొట్టుకోదు, లేదా పిచ్చెక్కినట్టు కొట్టుకుంటుంది. దానికి రెసిస్టర్ కట్టమని షాపులో అంటారు. వద్దు, వేడెక్కి ఫైబర్‌ని కాలుస్తుంది. ఎల్ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తెచ్చి పెట్టుకోండి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరితే సరిగ్గా ఉన్నట్టు.

ఇక వేడి. ఇక్కడ కూడా కోయడానికి ముందు మూయాలి. గుడ్డ టాప్ ఉన్న రోజుల్లో ఇంజను వేడి లోపలికి వచ్చినా వెనకనుంచి పోయేది, మీకు తెలిసేది కాదు. ఇప్పుడు డబ్బా బిగించారు, వచ్చింది వచ్చినట్టే ఉంటోంది. పగలు బండి నీడలో ఆపి, లోపల చీకటి చేసి, ఇంజను గదిలో ఒక బల్బు వెలిగించి కూర్చోండి. కాళ్ళ దగ్గర రేకులో ఎన్ని చుక్కలు మెరుస్తాయో చూసి ఆశ్చర్యపోతారు. క్లచ్ రాడ్డు పోయే కన్నం, స్పీడోమీటర్ కేబుల్ కన్నం, ఎప్పుడో తీసేసిన వైరు కన్నం. వాటన్నిటికీ రబ్బరు గ్రోమెట్లు (కన్నం అంచుకి వేసే కడియాలు), మూతలు వేయండి. గేరు రాడ్డు, ఫోర్ వీల్ రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు బూట్లు చిరిగి ఉంటాయి, మార్చండి. కాళ్ళ ముందు రేకుకి ఇంజను వైపున, మంట అంటుకోని హీట్ షీల్డ్ పట్టా వేయండి. సగం పొయ్యి ఇక్కడే ఆరిపోతుంది. టాప్ ఏ రంగో రాయలేదు మీరు. నలుపయితే పైభాగం వరకూ తెల్లరంగు వేసేయండి, అందం గురించి తర్వాత ఆలోచిద్దాం. ఎండ దేశాలకి పంపే పాత లాండ్ రోవర్లకి కప్పు మీద ఇంకో కప్పు వేసి మధ్య గాలి ఆడనిచ్చేవాళ్ళు. మీరు క్యారియర్ బిగించి దాని మీద పలుచటి రేకు పరిచినా ఆ ఫలితమే.

వాషర్లు వేసి బానెట్ వెనక అంచు లేపడం గురించి. ఇది చాలామంది చేస్తారు, చూడ్డానికి తెలివిగానే ఉంటుంది. బండి పరిగెడుతున్నప్పుడు గాలి వచ్చి ముందద్దానికి కొట్టుకుని, సరిగ్గా దాని మొదట్లోనే ఒత్తిడిగా పోగవుతుంది. అంటే ఆ సందులోంచి వేడి బయటికి రాదు, గాలే ఇంజనులోకి దూరుతుంది. రేడియేటర్ గుండా రావాల్సిన గాలికి అడ్డం పడుతుంది. బండి ఆగినప్పుడేమో వేడిగాలి ఆ సందులోంచి లేచి తిన్నగా అద్దం సందుల్లోంచి మీ మొహానికే కొడుతుంది. వాషర్లు తీసి డబ్బాలో వేసుకోండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం ఇప్పుడే వద్దు. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. మూసిన డబ్బాలోంచి గాలి లాగితే ఆ ఖాళీని నింపడానికి ఎక్కడినుంచో గాలి రావాలి. ముందునుంచి మంచి దారి లేకపోతే అది ఇంజను గదిలోంచి, వెనక తలుపు సందుల్లోంచి వస్తుంది. నిలువుగా ఉండే జీపు వెనక్కి, నడిచేటప్పుడు గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగ అక్కడే ఆడుతుంటుంది. అది లోపలికి చేరితే తలనొప్పి, మగత. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. డీజిల్ పొగలో అది పెట్రోలు పొగలో ఉన్నంత ఉండదన్నది నిజమే, అసలు లేదని కాదు. మూసిన బండిలో పిల్లలు వెనక నిద్రపోతున్నారంటే ప్రయాణం బాగుందని అనుకుంటాం, ఒక్కోసారి అది నిద్ర కాదు. కాబట్టి ముందు కిందికి వంగి సైలెన్సర్ గొట్టం ఎక్కడ ముగిసిందో చూడండి. బాడీ కట్టినప్పుడు చాలా జీపుల్లో దాన్ని వెనక సీటు కిందే కోసి వదిలేస్తారు. బంపర్ దాటి బయటికి వచ్చేలా పొడిగించండి. వెనక తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ వేయండి. తలుపు తెరిచి నడపడం మానండి.

అంబాసిడర్, ఫియట్ కార్లలో ముందు తలుపులకి త్రికోణపు అద్దం ఉండేది గుర్తుందా? మీ వయసుకి చూసి ఉండకపోవచ్చు. దాన్ని కొంచెం తిప్పితే చాలు, ఏసీ లేని రోజుల్లో మే నెల ప్రయాణం కూడా జరిగిపోయేది. తొలినాటి విల్లీస్ జీపుల్లో ముందద్దమే కింది అంచు దగ్గర బయటికి తెరుచుకునేది. అద్దం మొదట్లో గాలి పోగవుతుందని చెప్పాను కదా, ఆ గాలిని ఊరికే లోపలికి పిలవడమే ఆ ఏర్పాటు. మీరూ అదే చేయండి. అద్దం ఫ్రేము కింద, కాళ్ళ పైన ఉండే అడ్డరేకులో అరచేయంత కన్నం, దానికి మూసి తెరిచే మూత, వెనక దోమల జాలీ. పడిన వాన నీరు బయటికి జారడానికి అడుగున చిన్న గొట్టం. లోపలికొచ్చిన గాలిలో కొంత ఒక గొట్టం ద్వారా అద్దం మీదికి మళ్ళించండి.

పోయే దారి వెనక, పైన ఉండాలి. ఫైబర్ టాప్ వెనక మూలల్లో, పక్క గోడల మీద పైఅంచున, వెనక్కి చూసే చిన్న గొడుగు మూతలు రెండు చాలు. ముందుకి చూసేలా పెడితే వాన నీళ్ళు తాగుతుంది. ఎక్కడ కోయాలో నన్ను అడగొద్దు, బండినే అడగండి. జాకెట్లు కుట్టే దారం జానెడు ముక్కలు ఓ ఇరవై తీసుకుని, టేపుతో టాప్ లోపలా బయటా అక్కడక్కడా అంటించండి. ఇంకొకరిని డ్రైవింగ్‌కి కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద గంటకి 40 వేగంతో పోనిచ్చి, లోపలి దారాలు మీరు చూడండి. బయటివి మీ బావమరిది గారిని వెనక బైకు మీద రమ్మని ఫోన్‌లో వీడియో తీయించండి. బయటి దారం గాలివాటుగా వెనక్కి నిలకడగా పారే చోటు పోయే దారికి మంచిది. గింగిరాలు కొట్టే చోటా, ముందుకి తిరిగిన చోటా కోయకండి, అక్కడ సుడి ఉంది, పొగ వస్తుంది.

ఫైబర్ కోసేటప్పుడు మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. ఆ దుమ్ము గాజు పొడే. కోసే చోట రెండు పొరల మాస్కింగ్ టేపు అంటించి, నునుపుగా రంగున్న పైవైపు నుంచే మెల్లగా హోల్ సా (డ్రిల్లుకి తగిలించి గుండ్రంగా కోసే రంపం) దింపండి, లేకపోతే పైపొర పెచ్చులూడుతుంది. రేకు కోసిన చోట ఆ రోజే రెడ్ ఆక్సైడ్ వేయాలి, రేపు వేద్దామంటే మర్నాటికి తుప్పు మొదలవుతుంది. ఈ రెండు దారులూ కుదిరాక, ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు గాలి చాలదనిపిస్తే అప్పుడు ఫ్యాను పెట్టండి. అది కూడా ముందు కన్నం దగ్గర, లోపలికి ఊదేలా. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువుంటే పొగ దూరదు.

అద్దాల చెమటకి వేరే మందు అక్కర్లేదు. నలుగురు మనుషుల ఊపిరి, తడి గోనెలు, మూసిన డబ్బా. తేమ పోవడానికి దారి లేక చల్లటి అద్దం మీద కూర్చుంటోంది. గాలి ఆడితే అదే ఆరుతుంది. లారీ డ్రైవర్లు వానలో అద్దానికి పొగాకు రుద్దుతారు, అది బయటివైపుకి. లోపల రుద్దితే మసక తప్ప ఏమీ మిగలదు. లోపలివైపు అద్దాన్ని సబ్బునీళ్ళతో జిడ్డు పోయేలా తుడవండి. లైట్లు చాలడం లేదన్న మీ ఫిర్యాదులో ఈ చెమట వాటా ఎంతో నాకు అనుమానమే. చెమట పట్టిన అద్దం మీద ఎదుటి లైటు పడితే ఎంత మంచి హెడ్‌లైటున్నా రోడ్డు కనిపించదు.

చివరగా మార్చి నెల. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. ముందువైపు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి లేకుండా పెట్టకూడదని 1989 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. రిలేలు, ఎర్త్, సరైన వాట్ల బల్బులు, రబ్బరు మూతలు రిపేరు కిందికే వస్తాయి, వాటికి భయం లేదు. మీకు అడగాల్సింది బాడీ, ఫైబర్ టాప్ గురించి. రెన్యువల్ రోజున బండి తీసుకెళ్ళి బిక్కమొహం వేసే బదులు, ఇప్పుడే ఆర్సీ కాపీ, రెండు ఫొటోలు పట్టుకుని మీ ఆర్టీవో ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌ని కలవండి. గాలి కోసం కన్నాలు కోసేది ఆయన మాట విన్నాకే. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

నాలుగు కొలతలు నాకు రాసి పంపండి: బ్యాటరీ దగ్గర ఎంత, బల్బు దగ్గర ఎంత, వెళ్ళే దారిలో ఎంత, తిరిగొచ్చే దారిలో ఎంత. ఎర్త్ పని అయ్యాక మళ్ళీ అవే నాలుగూ తీయండి. బార్ లైట్ ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే క్యాన్సిల్ చేసి, ఆ డబ్బుతో మీ బావమరిది గారికి ఒక మంచి మల్టీమీటర్ కొనివ్వండి.